చీకటి అడిగిన అమ్మవారు

కామాటిపుర పన్నెండో గల్లీలోని మా చాల్‌లో, ఆ ఒంటిగదుల మేడలో, రెండో అంతస్తు ఆడవాళ్లంతా నాకు ఏడాదిపాటు మొక్కారు. తప్పు వాళ్లది కాదు, మొక్కించుకున్నదాన్ని నేను. ఇప్పుడు నల్లా దగ్గర బకెట్ పట్టుకుని వరసలో నిలబడితే తల ఎత్తలేకపోతున్నాను.

ఈ సిగ్గుమాలిన కథ చెప్పాలంటే ముందు నా తలనొప్పి సంగతి చెప్పాలి. అది అందరికీ వచ్చే తలనొప్పి కాదు. మొదట ఎడమ కంటి మూల చిన్న మెరుపు పుడుతుంది. అది రంపపు పళ్లలా వంకరటింకరగా పెరిగి, వణుకుతూ, చూసేదాంట్లో సగాన్ని మింగేస్తుంది. ఎదురుగా ఉన్న మనిషికి ఒక చెంప ఉంటుంది, ఇంకో చెంప ఉండదు. ఇరవై నిమిషాలు ఆ ఆట. అది పోయింది, హమ్మయ్య అనుకునేలోపు కణతలో ఎవరో ఉలి పెట్టి కొడుతున్నట్టు నొప్పి మొదలవుతుంది. ఇక వెలుతురు పడదు, చప్పుడు పడదు, వాసన పడదు. తిన్నదంతా బయటికి వస్తుంది. ఒక రోజు అలా, ఒక్కోసారి రెండు రోజులు.

మా ఖోలీ అంటే ఒకటే గది. అందులో నేను, నా భర్త హితేష్, కూతురు మయూరి, మా అత్త రత్నాబాయి. కింద తోలు సంచులు కుట్టే కార్ఖానా ఉంది. అక్కడ వాడే గోందు జిగురు వాసన చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టంలా మెట్లెక్కి మా ఇంట్లోకి వస్తుంది. పక్క ఖోలీలో టీవీ పొద్దున మొదలైతే ఆగదు. నా పనేమో గాజులకు చిన్న చిన్న రాళ్లు అతికించడం, అదీ ట్యూబులైటు కింద, కళ్లు చికిలించుకుని. అలాంటి చోట కాస్త చీకటి కావాలి, కాస్త నిశ్శబ్దం కావాలి అంటే అది గొంతెమ్మ కోరికే.

రత్నాబాయి నాకు ఒట్టి అత్త కాదు, మేనత్త. మా నాన్నకు స్వయానా అక్క. మాది మేనరికం, కాబట్టి నన్ను తిట్టడానికి ఆమెకు రెండు వైపుల నుంచీ హక్కుంది. నేను తలకు గుడ్డ చుట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నానంటే చాలు, మొదలు.

“ఏం తలనొప్పే గది, గిన్నెలు తోమే యాళ్లకే వస్తది? మాకు లేవా తలకాయలు? మేమేం తలకాయలు ఇంట్ల వెట్టి పనికి వోయినమా?”

హితేష్ మంచివాడే. గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర చెప్పుల దుకాణంలో పని చేస్తాడు. “బామ్ రాస్కో, సపనా” అనేవాడు. ఆయన వైద్యం అక్కడితో అయిపోయేది. ఆ బామ్ వాసనకే నాకు వాంతి అయ్యేది.

కిందటేడు ఆషాఢంలో బోనాలు వచ్చాయి. మా వాళ్లు పాలమూరు నుంచి ఈ ఊరికి రాళ్లు మోయడానికి వచ్చి నాలుగు తరాలు దాటింది. పిల్లలు తెలుగు మరిచారు గానీ, ఆడవాళ్లు బోనం మరవలేదు. ఆ రోజు పొద్దుటి నుంచి ఒక్కపొద్దు, మంచినీళ్లు కూడా ముట్టలేదు. వాన తెరిపి ఇచ్చి, తడిసిన రోడ్డు మీద ఎండ పడి కళ్లలోకి కొడుతోంది. నెత్తిన బోనం, దాని మీద దీపం, ముందు డప్పులు, చుట్టూ సాంబ్రాణి పొగ. పోచమ్మ గుడి ఇంకా వంద అడుగులు ఉందనగా కంటి మూల మెరుపు పుట్టింది.

నేను ఊగాను. పడిపోకుండా ఉండడానికి కాళ్లు ఎడం చేసి, అటూ ఇటూ ఊగాను. నా పక్కన నడుస్తున్న ముత్తమ్మ చూసింది. ముత్తమ్మది మా పక్క ఖోలీ, ఆ ఆగని టీవీ ఆమెదే. యాభై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, దైవభక్తి రెండూ ఎక్కువే. ఆమె గల్లీ అదిరేలా అరిచింది.

“శిగం! సపనకు శిగం వచ్చింది! అమ్మ వచ్చిందే!”

ఎవరో నా బోనం అందుకున్నారు. ఎవరో నన్ను ఒక దుకాణం అరుగు మీద కూర్చోబెట్టి చేతిలో వేపమండలు పెట్టారు. అమ్మవారు వచ్చిందంటే డప్పులవాళ్లు ఊరుకుంటారా? దగ్గరికొచ్చి నా చెవి పక్కనే వాయించడం మొదలుపెట్టారు. ఒక్కో దెబ్బా వచ్చి నా కణతలోనే పడింది. ఓర్చుకోలేక అరిచాను.

“డప్పు ఆపుర్రి!”

ఆగిపోయింది.

పద్నాలుగేళ్ల కాపురంలో నేను ఆగమంటే ఆగినది ఏదీ లేదు. టీవీ ఆగలేదు, కింద కుట్టు మిషన్లు ఆగలేదు, మా అత్త నోరు అసలే ఆగలేదు. అంత నొప్పిలోనూ నాకు ఆశ్చర్యం వేసింది. ఇంకో మాట అని చూశాను.

“పొగ వద్దు. దీపం తియ్యుర్రి. నాకు చీకటి గావాలె.”

పొగ పోయింది, దీపం పోయింది. నన్ను పూలలో పెట్టినట్టు ఇంటికి తెచ్చారు. కిటికీకి దుప్పటి కట్టారు. అమ్మ అలిసిపోయింది, పండుకోనియ్యుర్రి అంటూ ముత్తమ్మ గ్యాలరీలో పిల్లల్ని తరిమింది, తన టీవీ తానే కట్టేసింది. మా అత్త నా పాదాలకు పసుపు రాసి, వాటి మీద నుదురు పెట్టి, “తప్పయింది తల్లీ, నా నోటిదురుసు మన్నించు” అంది.

అప్పుడు చెప్పాల్సింది. ‘అత్తా, ఇది నా తలనొప్పే’ అనడానికి ఎంతసేపు? నేను చెప్పలేదు. కళ్లు మూసుకున్నాను. నాకు సంతోషం వేసింది. తల పగిలిపోతుంటే, మా మేనత్త నుదురు నా పాదాల మీద ఉంటే, నాకు మహా సంతోషం వేసింది. అది తలచుకుంటే ఇప్పుడు సిగ్గుతో ప్రాణం చచ్చిపోతుంది.

ఇక అక్కడి నుంచి దారి సులువైంది. కంటి మూల మెరుపు రాగానే నుదుటి మీద చెయ్యి పెట్టుకుని “వస్తున్న” అనేదాన్ని. దుప్పటి కట్టేవాళ్లు, టీవీ ఆపేవాళ్లు, గిన్నెలు మా అత్త తోమేది. ఎవరైనా ఏదైనా అడిగితే “ఓపిక వట్టు, మంచే అయితది” అనేదాన్ని. అది ఎవరికైనా సరిపోతుంది. ఒకసారి ముత్తమ్మ తన మోకాళ్ల గురించి అడిగింది. ఆ రోజు గోందు వాసన నన్ను చంపుతోంది. “కింది కార్ఖానా కిటికీలు మూయించు, నీ మోకాళ్లు నేను చూసుకుంట” అన్నాను. పాపం ఆమె కుంటుకుంటూ రెండంతస్తులు దిగి, సేఠ్‌తో కొట్లాడి కిటికీలు మూయించి, మళ్లీ పైకి ఎక్కి వచ్చింది. వారం రోజులు కాళ్లు వాచి మంచం దిగలేదు. అయినా అమ్మ పరీక్ష పెట్టిందనే అనుకుంది.

దసరా తర్వాత నొప్పి నెలకు నాలుగుసార్లు రావడం మొదలైంది. భయమేసి, రేషన్ ఆఫీసుకు పోతున్నానని చెప్పి మున్సిపాలిటీ దవాఖానకు పోయాను. అమ్మవారు దవాఖాన లైన్లో నిలబడిందని తెలిస్తే నవ్విపోతారు కదా. అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ, మరాఠీ మనిషి. నేను మెరుపు గురించి చెప్పగానే రాస్తున్నది ఆపి వింది. ఇన్నేళ్లలో నా తలనొప్పిని ఒక మనిషి వినడం అదే మొదటిసారి.

“అర్ధశిశీ,” అంది. మైగ్రేన్ అని కూడా అంది. ఇది నాటకం కాదు, బద్ధకం కాదు, జబ్బు అంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. మా నాన్న తలకు తువ్వాలు బిగించి కట్టుకుని తిరగడం గుర్తొచ్చింది. అది ఆయన సోకు అనుకుని మేం పిల్లలం నవ్వేవాళ్లం.

డాక్టరమ్మ వేళకు తినమంది, ఉపవాసాలు వద్దంది, వేళకు పడుకుని వేళకు లేవమంది. నొప్పి మొదలయ్యేటప్పుడే మాత్ర వేసుకోవాలట, ముదిరాక వేసుకుంటే సగం పనే చేస్తుందట. అలాగని రోజూ మింగితే ఆ మాత్రే కొత్త తలనొప్పి తెస్తుంది, వారానికి రెండు రోజులు దాటొద్దు అంది. ఒక నోట్‌బుక్ పెట్టి, నొప్పి వచ్చిన రోజు ముందు ఏం తిన్నావో, ఎండలో తిరిగావో, నెలసరి ఎప్పుడో రాసుకో, నీ నొప్పి దేనికి లేస్తుందో నీకే తెలుస్తుంది అంది.

రాశాను. మాత్రలూ నోట్‌బుక్కూ బియ్యం డబ్బాలో దాచాను. నేను చదివింది మున్సిపాలిటీ తెలుగు బడి. మయూరి చదివేది మరాఠీ బడి, దానికి తెలుగు అక్షరాలు రావు. నా గుట్టు నా అక్షరాల్లోనే భద్రంగా ఉండేది. రెండు నెలలకే నా నొప్పి దేనికి లేస్తుందో నాకు తెలిసిపోయింది. ఖాళీ కడుపు, ట్యూబులైటు వెలుగు, ఎండ మెరుపు, గోందు వాసన, నిద్ర లేకపోవడం, ఇవే. పని కిటికీ దగ్గరికి మార్చుకుని, పొద్దున్నే రెండు చపాతీలు తిని కూర్చోవడం మొదలుపెట్టాను. నెలకు నాలుగుసార్లు వచ్చేది ఒక్కసారికి దిగింది.

దానితో అమ్మవారి రాకపోకలు తగ్గాయి. “అమ్మకు మన మీద కోపమొచ్చినట్టుంది, ఈ నడుమ వస్తలేదు” అని ముత్తమ్మ దిగులుపడింది. అప్పుడు నేను చేసిన పని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. హితేష్ తరఫు చుట్టాలు పదిమంది భోజనానికి వచ్చిన ఒక ఆదివారం, గిన్నెల గుట్ట చూసి, తలలో ఏ నొప్పీ లేకుండానే నుదుటి మీద చెయ్యి పెట్టుకుని “వస్తున్న” అన్నాను. గిన్నెలు తోమే వేళకే వచ్చే తలనొప్పి అని మా అత్త ఏళ్ల తరబడి నన్ను తిట్టిందే, ఆ తిట్టు ఆ రోజు నిజం చేశాను. ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని గిన్నెల ముందు కూర్చుంది.

తర్వాత ఫిబ్రవరిలో మయూరి బడి నుంచి మధ్యాహ్నమే ఇంటికి వచ్చింది. దానికి పదమూడేళ్లు. సంచీ కింద పడేసి గడపలోనే కూర్చుంది.

“మమ్మీ, కండ్ల ముందట చమ్‌చమ్ అయితుంది. బోర్డు మీద అర్ధం దిసత్ నాయ్.”

కళ్ల ముందు మెరుపులట, బోర్డు మీద సగం కనబడటం లేదట. అది నా మెరుపే. గ్యాలరీలో బట్టలు ఆరేస్తున్న ముత్తమ్మ ఆ మాట వినేసింది. ఆరేసే బట్ట అక్కడే వదిలి, చేతులు జోడించి వచ్చింది.

“తల్లి మీది అమ్మ బిడ్డ మీదికి గూడ వచ్చిందే! ఎంత అదృష్టం జేస్కున్నవే సపనా!”

మయూరి నా మొహంలోకి చూసింది. నోట్‌బుక్ రెండు చేతుల దూరంలో బియ్యం డబ్బాలో ఉంది. ఒక్క మాట, ఇది అర్ధశిశీ, రేపే డాక్టర్ దగ్గరికి పోదాం అంటే అయిపోయేది. ఆ మాట అంటే నా సంగతి ఏమవుతుంది? పిల్లను చీకట్లో పడుకోబెట్టి, దొంగచాటుగా బిస్కెట్లు తినిపించాను. పరీక్షలు అయ్యాక తీసుకుపోదాం అనుకున్నాను. ఏప్రిల్‌లో మళ్లీ వచ్చింది. సెలవులు అయ్యాక అనుకున్నాను. ఈలోపు ముత్తమ్మా మిగతా ఆడవాళ్లూ కలిసి ఈసారి తల్లీబిడ్డలు పక్కపక్కన బోనం ఎత్తాలని తీర్మానం చేశారు.

“చిన్న పిల్ల అక్కా, ఒక్కపొద్దుకు ఆగది,” అన్నాను.

“అమ్మనే మోస్తది గదనే, పొల్లదేం మోస్తది?” అంది ముత్తమ్మ. ఆ మాట నాకు నేనే ఏడాదిగా నేర్పిన మాట, ఏమని కాదంటాను?

బోనాల నాడు పొద్దున మయూరి చేతిలో చాటుగా ఒక అరటిపండు పెట్టాను. ముత్తమ్మ గుమ్మంలోనే ఉంది. “ఎంగిలి నోటితోని బోనమా!” అంది. “తిననీ, పసిదాయె” అని మా అత్త గొణిగింది. ఆమె అలా అనడం నాకు వింతగా తోచింది గానీ, అంతకు మించి ఆలోచించలేదు. మయూరి పండు కింద పెట్టేసింది.

మళ్లీ అదే గల్లీ, అదే తడి రోడ్డు, అదే పొగ. గుడి దగ్గరపడుతుండగా మయూరి నా కొంగు పట్టుకుంది.

“మమ్మీ, ముత్తమ్మ ఆజీకి అర్ధం తోండ్ నాయ్.”

ముత్తమ్మకు సగం మొహం లేదట. పిల్ల కాళ్లు తడబడ్డాయి. ఆడవాళ్లు కేకలు పెట్టారు, డప్పులు పరిగెత్తుకొచ్చి దాని చుట్టూ మూగాయి. మయూరి చెవులు మూసుకోబోయింది, నెత్తి మీద బోనం ఉందని గుర్తొచ్చి చేతులు మళ్లీ పైకి లేపింది. నా వైపు చూసింది. తర్వాత కళ్లు మూసుకుని, గొంతు బొంగురు చేసి అరిచింది.

“డప్పు ఆపుర్రి! పొగ వద్దు. దీపం తియ్యుర్రి. నాకు చీకటి గావాలె.”

ఇంట్లో మూడు మాటలకు రెండు మరాఠీలో మాట్లాడే పిల్ల అది. ఆ నాలుగు మాటలు మాత్రం ఒక్క ముక్క మరాఠీ కలవకుండా, నా గొంతుతో, నా సాగదీతతో అంది. చెంపల మీద కన్నీళ్లు కారుతున్నాయి. నొప్పి వస్తే ఏం చెయ్యాలో నేను దానికి నేర్పింది ఇదొక్కటే. ముత్తమ్మ ఆ వాచిన మోకాళ్లతోనే తడి నేల మీద కూలబడి నా కూతురి కాళ్లు పట్టుకుంది.

నేను నా బోనం పక్కామెకు ఇచ్చి, మయూరి నెత్తి మీది బోనం దించాను.

“లెవ్వు అక్కా. గది అమ్మ గాదు, తలనొప్పి. నాది గూడ గంతే. మొదటిసంది గంతే.”

ఎవరూ నమ్మలేదు. “అమ్మ పరీక్ష వెడుతుంది, గట్లనే అంటది” అంది ముత్తమ్మ, కాళ్లు వదలకుండా. నమ్మించడానికి నా దగ్గర ఒకటే మిగిలింది.

“నీ మోకాళ్లకు, కార్ఖానా కిటికీలకు ఏం సంబంధం అక్కా? గోందు వాసనకు నా తల వలుగుతుండె. గందుకే నిన్ను తోలిన.”

ఆ మాట నమ్మింది. ఆమె మొహంలో రంగు దిగిపోవడం నేను చూశాను. లేపబోతే నా చెయ్యి పట్టుకోలేదు. పక్కనున్న దుకాణం అరుగు అంచు పట్టుకుని తనంతట తానే లేచింది. “నా మోకాళ్లతోని ఆడుకున్నవా, సపనా?” అంది. తిట్టలేదు, శపించలేదు. తిడితే బాగుండేది.

మయూరిని ఎత్తుకున్నంత పని చేసి ఇంటికి తెచ్చేసరికి, మా అత్త మాకంటే ముందే వచ్చి కిటికీకి దుప్పటి కట్టి ఉంది. నేను చూస్తూ నిలబడిపోయాను. తువ్వాలు తడిపి మూడు మడతలు పెట్టింది. ముడి కణత మీద పడకుండా వెనక్కి వేసి, పిల్ల తలకు బిగించి కట్టింది. బకెట్ పక్కన పెట్టింది, ఫ్యాను గాలి మొహానికి తగలకుండా మంచం జరిపింది. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచాతో తాగించింది. అది చూసి నేర్చుకున్న పని కాదు.

“అత్తా, నీకు గూడనా?”

“గీ పొల్లంత ఉన్నప్పటిసంది. మీ నాయినకు గూడ. బిల్డింగు పని మీద నెత్తిన ఇసుక తట్ట ఎత్తుకొని, కండ్లు మూస్కొని మెట్లు ఎక్కుతుంటి. ఎవలకు చెప్పాలె?”

“మరి నా సంగతి?”

“నువ్వు చీకటి గావాలె అన్ననాడే నాకెరుక. ఏ అమ్మ అడుగుతదే చీకటి? దీపం అడుగుతది గని.”

“ఎరుకయ్యి నా కాళ్లెందుకు మొక్కినవ్?”

ఆమె మయూరి తల మీది గుడ్డ సర్దింది.

“నేను మొక్కితె అందరు నమ్ముతరని. నువ్వు జర పండుకుంటవని. నేను ఓర్సుకున్న గదా, గిదెందుకు ఓర్సుకోదని నిన్ను అన్ని దినాలు తిట్టిన. గా పాపం గట్ల గడుక్కుందమనుకున్న. కుళ్లు గూడ వచ్చిందే, సపనా. యాభై ఏండ్లల్ల నాకు గీ ఉపాయం ఎందుకు రాకపాయెనని.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకరి మొహం ఒకరం చూడలేకపోయాం. గది చీకటిగా ఉండడం మాకు మేలైంది.

సోమవారం ముగ్గురం దవాఖానకు పోయాం. హితేష్ వస్తానని ఒక మాట అన్నాడు. నేను ఇంకోసారి రమ్మంటే వచ్చేవాడేమో గానీ, నాకు ఆయన ముందు నోట్‌బుక్ తీయడం సిగ్గనిపించింది. మా అత్త పట్టుచీర కట్టుకుంది, పెళ్లికి పోతున్నట్టు. అరవై రెండేళ్లకు ఆమె తన తలనొప్పిని మొదటిసారి బయటికి తీసుకొచ్చింది మరి. ఆ చిన్న డాక్టరమ్మే ఉంది. నేను నోట్‌బుక్ తెరిచి పెట్టుకుని, మంచి విద్యార్థిలా కూర్చున్నాను.

పాపకు ఎన్నిసార్లు వచ్చింది అని అడిగింది.

“మూడుసార్లు,” అన్నాను. “ఫిబ్రవరి, ఏప్రిల్, మొన్న బోనాల నాడు.”

మయూరి నా కొంగు లాగింది. “మమ్మీ, ఖరం చెప్పాల్నా?” అంది మెల్లిగా. నిజం చెప్పనా అని నన్ను అనుమతి అడిగింది. అబద్ధానికి అలవాటు పడ్డ ఇంటి పిల్ల మరి.

“చెప్పు.”

“అకరా.”

పదకొండు. కిందటి దీపావళి నుంచి పదకొండుసార్లు. బడిలో వచ్చినప్పుడల్లా బాత్రూంలోకి పోయి తలుపు వేసుకునేదట. అక్కడ బల్బు పోయి చాలా రోజులైందట, బాగా చీకటిగా ఉంటుందట. మొహం కడుక్కుని, మామూలుగా ఇంటికి వచ్చేదట. నేను ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని నా నోట్‌బుక్‌లో నా నొప్పులు రాసుకుంటున్నాను.

“మమ్మీకి ఎందుకు చెప్పలేదు?” అని డాక్టరమ్మ మరాఠీలో అడిగింది.

“సాంగిత్లా తర్ సగళే పాయా పడతీల్,” అంది నా కూతురు.

చెబితే అందరూ కాళ్లు మొక్కుతారని. నేను నొప్పి భరించలేక అమ్మవారి వెనక దాక్కున్నాను. నా బిడ్డ అమ్మవారు కావాల్సి వస్తుందని భయపడి, నొప్పితో సహా బాత్రూంలో దాక్కుంది.

డాక్టరమ్మకు ఆ జవాబు అర్థం కాలేదు. ఎవరు మొక్కుతారు, ఎందుకు మొక్కుతారు అని నా వైపు చూసింది. మా అత్త తల దించుకుంది. మయూరి మాత్రం నా మొహం మీది నుంచి చూపు తిప్పలేదు. నేను నోట్‌బుక్ మూసేసి, కిందటేడు ఆషాఢం దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టాను.